‘శిక్షణ ఇచ్చాం’ అనే జవాబు

మా రొయ్యల కర్మాగారంలో మా మనుషులే చేసే తనిఖీల, అంటే అంతర్గత ఆడిట్ల, మూడేళ్ల ఫైళ్లను ఒకరోజు బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చదివాను. అంతకు ముందు ఏ ఏటి ఫైలు ఆ ఏడు చూసి బీరువాలో పెట్టడమే తప్ప మూడింటినీ కలిపి చదివిన సందర్భం లేదు. మూడింటిలోనూ ఒకే లోపం ఉంది: రాత్రివేళ వచ్చిన వ్యాన్లలోంచి దించిన రొయ్య ఉష్ణోగ్రత, మేం పెట్టుకున్న 4 డిగ్రీల సెల్సియస్ హద్దు దాటి ఉంది. మూడుసార్లూ ఒకే జవాబు ఉంది: ‘సంబంధిత సిబ్బందికి శిక్షణ ఇచ్చాం.’ ఆ జవాబు వెనుక శిక్షణకు వచ్చినవారి సంతకాలు, వేలిముద్రలు ఉన్న కాగితం ఒకటి, ఒక ఫొటో, కింద నా సంతకం. మూడుసార్లూ గడువులోపలే ఎన్‌సీ (నాన్ కన్ఫర్మిటీ, అంటే ఆడిట్‌లో నమోదైన లోపం) మూసేశాం. ఏటా జరిగే యాజమాన్య సమీక్షలో ఎన్‌సీలన్నీ మూతపడ్డాయని చెప్పింది నేనే. విన్నవారు సంతోషించారు, నేనూ సంతోషించాను.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ కర్మాగారాల్లో, నాణ్యత విభాగంలో, చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. అంతర్గత ఆడిట్ కార్యక్రమాన్ని నడిపించే బాధ్యత కూడా నాదే. ఆ మూడు ఫైళ్లు చదివిన తరువాత నాకు కలిగిన అభిప్రాయాన్ని ఇక్కడ వివరంగా చెప్పదలచుకున్నాను. ఆడిట్‌లో ఎన్ని లోపాలు దొరికాయి, ఎన్ని మూతపడ్డాయి అన్న లెక్క ఆ కార్యక్రమం విలువను చెప్పదు. ఒకసారి దొరికిన లోపం మళ్లీ వచ్చిందా లేదా అన్నదొక్కటే చెబుతుంది. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని వెనక్కి నడిస్తే, షెడ్డులో, వ్యాన్లలోంచి సరుకు దించే దిగుమతి వేదిక మీద, కోల్డ్ స్టోరేజీలో కనిపించే లోపాల్లో చాలా భాగం ఆఫీసు గదిలో ఎవరో చేసిన సంతకం దగ్గరికి చేరతాయి. ఆడిట్ ఆ గది గుమ్మం దగ్గరే ఆగిపోతున్నంత కాలం లోపాలు ప్రతి సీజనుకూ తిరిగి వస్తూనే ఉంటాయి.

మా రంగంలో ఆడిట్ అంటే బయటివాళ్ల కోసం చేసే పని అన్న భావం బలంగా పాతుకుపోవడానికి కారణం లేకపోలేదు. 1997లో ఐరోపా సమాఖ్య పరిశుభ్రత లోపాల పేరిట భారతీయ సముద్ర ఉత్పత్తుల దిగుమతిని నిషేధించింది. అదే ఏడాది డిసెంబరులో అమెరికాలో సముద్రాహారానికి హాసప్ నిబంధన, అంటే ప్రమాదం ఉండే దశలను ముందే గుర్తించి అదుపులో పెట్టాలన్న ఆహార భద్రతా నిబంధన, అమల్లోకి వచ్చింది. ఆ దెబ్బతో కర్మాగారాలు గోడలు, నేలలు, నీటి శుద్ధి, ప్రయోగశాలలు అన్నీ మార్చుకున్నాయి. వాటితోపాటే రికార్డులు రాయడం నేర్చుకున్నాయి. 2009 నుంచి వనామీ రొయ్య రావడంతో ఉండి, ఆకివీడు, కాళ్ల, మొగల్తూరు మండలాల్లో చెరువులు పెరిగాయి, సరుకు పెరిగింది, కొనేవారి షరతులూ పెరిగాయి. నిషేధిత యాంటీబయాటిక్ నైట్రోఫ్యురాన్ల అవశేషాలకు ఐరోపా పెట్టిన హద్దు కిలోకు 1 మైక్రోగ్రాము, అంటే 100 కోట్ల వంతుల్లో ఒక వంతు. 2022 నవంబరు చివరి నుంచి దాన్ని కూడా సగానికి తగ్గించారు. ఇంత కఠినమైన పరీక్షల మధ్య బతికేవారికి ప్రతి ఆడిటరూ సరిహద్దులో నిలబడిన అధికారిలాగే కనిపిస్తాడు. సొంత మనుషులు చేసే ఆడిట్‌ను కూడా, రేపు వచ్చే సర్టిఫికెట్ ఆడిట్‌కు ముందు వేసుకునే రిహార్సల్‌గా చూడటం అక్కడే అలవాటయింది. రిహార్సల్‌లో ఎవరూ తమ తప్పును వెతుక్కోరు, దాన్ని కనిపించకుండా చేసే పద్ధతిని సాధన చేస్తారు.

నాణ్యత నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 9001, 2015 కూర్పులో అంతర్గత ఆడిట్‌కు సంబంధించిన 9.2 క్లాజు నిజానికి చాలా చిన్నది. ఆడిట్ కార్యక్రమాన్ని రూపొందించేటప్పుడు మూడు విషయాలు లెక్కలోకి తీసుకోవాలని అది చెబుతుంది: ఆ పని ఎంత ముఖ్యమైనది, సంస్థలో ఏయే మార్పులు వచ్చాయి, ఇంతకు ముందు ఆడిట్లలో ఏం తేలింది. ఆడిట్ నిర్వహణకు మార్గదర్శకంగా ఉన్న ఐఎస్‌ఓ 19011, 2018లో సవరించినప్పుడు, ప్రమాదాన్ని బట్టి ఆడిట్‌ను మలచుకోవాలన్న సూత్రాన్ని కొత్తగా చేర్చి, సూత్రాల సంఖ్యను ఏడుకు పెంచింది. మేం చేసింది ఏమిటంటే, పన్నెండు నెలలు అడ్డంగా, విభాగాలు నిలువుగా గీసి, నెలకొక విభాగానికి టిక్కు పెట్టాం. ముడిసరుకు దిగుమతి విభాగానికి ఏటా జనవరి వచ్చేది. జనవరిలో సరుకు తక్కువ, చలి ఎక్కువ, మనుషులు తీరిగ్గా ఉంటారు. ఆ నెలలో కూడా ఉష్ణోగ్రత హద్దు దాటిందంటే మే నెల రాత్రుల్లో ఏం జరుగుతోందో ఊహించుకోవలసింది, మేం ఊహించుకోలేదు.

ఈ విషయంలో మాకు పాఠం చెప్పడానికి విదేశీ ప్రమాణం అక్కరలేదు. మా ఊరు నరసాపురానికి ఎగువన, వశిష్ఠ గోదావరి ఏటిగట్టు పక్కన ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు, ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక; 13.75 అడుగులు, 13 లక్షల దగ్గర రెండవది, 17.75 అడుగులు, 17 లక్షల దగ్గర మూడవది. డెల్టాలో చిన్నపిల్లలకు కూడా ఈ అంకెలు తెలుసు. హెచ్చరిక పెరిగేకొద్దీ గట్టు మీద కాపలా చిక్కబడుతుంది. మొదట్లో రోజుకొకసారి నడిచే చోట తరువాత పూటకొకసారి నడుస్తారు, ఆపైన రాత్రంతా లాంతర్లతో, ఇప్పుడైతే టార్చిలైట్లతో, గట్టు దిగువ వైపున ఊట ఎక్కడ కనిపిస్తుందోనని చూస్తూ తిరుగుతారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు గట్లకు గండ్లు పడ్డాయి. ఆ రాత్రుల గురించి మా పెద్దవాళ్లు చెప్పగా విన్నవారెవరూ గండి ఒక్కసారిగా పడిందనుకోరు. ముందు పీత తొలిచిన బొరియలోంచి సన్నటి ఊట వస్తుంది. ఆ నీరు తేటగా ఉన్నంతసేపు కొంత సమయం ఉన్నట్టు, మట్టి రంగు తిరిగిందంటే గట్టు లోపల కరుగుతున్నట్టు. అది కనిపెట్టినవాడు ఎవరైనా సరే, పాలేరయినా, పక్క ఊరివాడయినా, కేక వేస్తే ఇసుక బస్తాలు ఆ చోటికే పోవాలి. ‘ఈ నెల కాపలా వంతు మీ వాడది కాదు కదా’ అని అడిగేవారు ఉండరు.

మా కార్యక్రమాన్ని ఆ పద్ధతికి తిప్పడానికి చాలా వాదించవలసి వచ్చింది. సీజనులో ఆడిట్ వద్దని ఉత్పత్తి విభాగం వారు అన్నారు. వారి మాటలో న్యాయం ఉంది. మే, జూన్, జులై నెలల్లో ఎండాకాలం పంట పట్టుబడులన్నీ ఒకేసారి వస్తాయి. దానికి తోడు ఒక ప్రాంతంలో వైట్‌స్పాట్ తెగులు కనిపించిందంటే రైతులు కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) చూసుకోకుండా చెరువులు పట్టేస్తారు, అప్పుడు ఒక్క రాత్రిలో రెండు రాత్రుల సరుకు గేటు ముందు నిలబడుతుంది. అలాంటి సమయంలో ఇద్దరు మనుషులు చెక్‌లిస్టు పట్టుకుని ప్రశ్నలు అడుగుతూ తిరిగితే చిరాకు రావడం సహజం. అందుకని ఆడిట్ పొడుగును తగ్గించాం. రోజంతా చేసే ఆడిట్‌కు బదులు గంటన్నర ఆడిట్, ఒకే పని మీద, ఒకే ప్రశ్నతో, అసలు ఒత్తిడి ఉండే వేళకు. చిల్లర దుకాణాల గొలుసులకు అమ్మేవారిని అడిగే బీఆర్‌సీజీఎస్ ఆహార భద్రతా ప్రమాణం ఏడాదిలో కనీసం నాలుగు వేర్వేరు తేదీల్లో అంతర్గత ఆడిట్లు జరగాలంటుంది. ఆ నాలుగు తేదీలను ఏడాది పొడవునా పరిచిన తరువాత కూడా, సీజను రాత్రులకు అదనంగా ఎన్ని పెట్టుకోవచ్చో మన ఇష్టమే.

రోహిణి కార్తెలో జరిగిన అలాంటి ఒక రాత్రి ఆడిట్‌లోనే మూడేళ్ల లోపం మూలం బయటపడింది. కనిపెట్టింది నేను కాదు. గ్రేడింగ్‌లో, అంటే రొయ్యను సైజు, నాణ్యతను బట్టి వేరుచేసే పనిలో, పదేళ్లకు పైగా ఉన్న ఒకావిడను ఆ ఏడు ఆడిటరుగా తీసుకున్నాం. ఆమెకు తోడుగా అమోనియా కంప్రెసర్ల ఆపరేటరు ఒకతను. దిగుమతి విభాగం రిజిస్టరులో ఉష్ణోగ్రతలన్నీ 3.6, 3.8, 3.7 అని వరసగా, చక్కగా ఉన్నాయి. ఆమె రిజిస్టరును పక్కన పెట్టి గేటు దగ్గరి కాపలాదారు పుస్తకం తెప్పించుకుంది. వ్యాను గేటు దగ్గరికి వచ్చిన వేళ అందులో ఉంటుంది, సరుకు దించిన వేళ దిగుమతి రిజిస్టరులో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పదకొండింటికి వచ్చిన వ్యాను మూడింటికి దిగింది. నాలుగు గంటలు బయట నిలబడిన వ్యాన్లు ఆ రాత్రి ఒకటి కాదు. ఆమె అక్కడి సూపర్‌వైజరును, ‘బాబూ, రెండో కాటా రాత్రిపూట ఎందుకు నడవట్లేదు?’ అని అడిగింది. అతను కాసేపు నా వైపు చూసి, ‘రెండో కాటాకు నైట్ డ్యూటీ సూపర్‌వైజరును తీసేశారు కదండీ’ అన్నాడు.

తీసేసింది మూడేళ్ల కిందట. జీతాల ఖర్చు తగ్గించాలన్న కాగితం మీద విభాగాధిపతులందరం సంతకాలు పెట్టాం, వాటిలో నాదీ ఉంది. కాటా ఒక్కటే కావడంతో వ్యాన్లు వరస కట్టేవి. చెరువు గట్టు మీద కొట్టిన ఐసు దారిలోనూ గేటు ముందూ కరిగిపోయేది. దించేసరికి పైవరస క్రేట్లలో రొయ్య వేడెక్కేది. ఆ అంకె రాస్తే తన మీదికి వస్తుందని సూపర్‌వైజరు అడుగువరస క్రేటులో థర్మామీటరు పెట్టి ఆ అంకె రాసేవాడు. అతనికి మేం మూడుసార్లు ‘శిక్షణ’ ఇచ్చాం. ఉష్ణోగ్రత ఎలా కొలవాలో అతనికి మాకన్నా బాగా తెలుసు.

ఇక్కడ కొంచెం ఆగి మొహమాటం గురించి చెప్పాలి, ఎందుకంటే మా ప్రాంతంలో అంతర్గత ఆడిట్‌ను దెబ్బతీసేవాటిలో దానికి మించినది నాకు తెలియదు. ఒకే కర్మాగారంలో పనిచేసేవారు ఒకే మండలం వారు, కొన్నిసార్లు ఒకే వీధివారు, చుట్టాలు, ఒకరి ఇంటి పెళ్లికి ఇంకొకరు వడ్డన చేసినవారు. కోల్డ్ స్టోరేజీ ఇన్‌ఛార్జి మీద ఎన్‌సీ రాయవలసిన కుర్రవాడు ఆయన్ని బాబాయ్ అని పిలుస్తాడు. ఆ కుర్రవాడు రాయకపోవడాన్ని పిరికితనం అనలేను. ఆయన ముఖం చూసి రాయలేకపోతాడు, అంతే. ప్రమాణం నిష్పాక్షికత కావాలంటుంది, దాన్ని సంపాదించే దారి మాత్రం ఎవరి ఊళ్లో వారే వెతుక్కోవాలి. ఆడిటర్లకు ఉపన్యాసాలు ఇవ్వడం వల్ల మొహమాటం పోదు. రాసే తీరు మార్చడం వల్ల కొంత తగ్గింది. మా నివేదికల్లో ఇప్పుడు మనిషి పేరూ హోదా ఉండవు. ఎన్ని గంటలకు, ఏ చోట, ఏ రికార్డులో, ఏం కనిపించింది, ఏం కనిపించాలి అన్నవే ఉంటాయి. ‘ఇన్‌ఛార్జి పట్టించుకోలేదు’ అన్న వాక్యానికీ, ‘తెల్లవారుజామున 2.40కి రెండో గది తలుపు తెరిచి ఉంది, చార్టులో మైనస్ 18 ఉండవలసిన చోట మైనస్ 14 ఉంది’ అన్న వాక్యానికీ తేడా ఎంతో చదివినవారికి తెలుస్తుంది. రెండో వాక్యం రాసిన కుర్రవాడు మర్నాడు బాబాయ్ ఇంటికి వెళ్లి కాఫీ తాగగలడు, బాబాయ్ కూడా తలుపు రబ్బరు పాడైందని నెల కిందటే రాసిచ్చిన ఇండెంటు (కొత్తది కొనమని అడిగే కాగితం) తీసి చూపించగలడు. ఆ ఇండెంటు కొనుగోలు విభాగంలో ఎందుకు ఆగిందన్నది అప్పుడు తరువాతి ప్రశ్న అవుతుంది.

రొయ్య పొట్టు ఒలిచే పీలింగ్ షెడ్డులో చేతుల పరిశుభ్రత గురించి వచ్చే లోపం కూడా ఇలాంటిదే, కానీ అది నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది. షెడ్డులో ఆడవాళ్లు అరగంటకొకసారి చేతులు కడుక్కుని, 20 పీపీఎం (10 లక్షల వంతుల్లో 20 వంతులు) క్లోరిన్ నీళ్లలో ముంచి, తిరిగి పనిలోకి రావాలన్నది మా నియమం. ఏ ఆడిట్ చేసినా ఆ నియమం సగమే పాటిస్తున్నారని తేలేది. గోడ మీద కొత్త బొమ్మలు అంటించాం, మైకులో గుర్తుచేశాం. ఎవరూ లెక్కవేయని లెక్క ఒకటి ఉంది: వారికి కూలి ఒలిచిన కిలోల చొప్పున ఇస్తాం. లేచి, వరసలో నిలబడి, కడుక్కుని, తిరిగి వచ్చేసరికి పోయే నిమిషాలు వారి కూలిలోంచి పోతాయి. అరగంటకొకసారి కడుక్కోమని చెప్పే నియమం మీదా, కడుక్కుంటే కూలి తగ్గే పద్ధతి మీదా సంతకం చేసినవారు ఒకే గదిలో కూర్చుంటారు. ఆపైన క్లోరిన్‌కూ ఐసు నీళ్లకూ వారి వేళ్ల సందులు పగిలి ఉంటాయి, ఆ పగుళ్ల మీద క్లోరిన్ నీళ్లు పడితే ఎలా ఉంటుందో అడిగి తెలుసుకున్నవారు మాలో ఎవరూ లేరు. కూలి లెక్కలో కడుక్కునే సమయానికి విడిగా కొంత మొత్తం చేర్చి, షెడ్డు మధ్యలోకి ఇంకో రెండు కుళాయిలు తెచ్చాక ఆ లోపం చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు. పగుళ్ల సంగతి ఇంకా తేలలేదు.

ఇలా ప్రతి తప్పునూ యాజమాన్యం మీదికి తోస్తే పనివారికి బాధ్యత లేకుండా పోతుందని మా రంగంలోని మిత్రులు కొందరు అంటారు. వారి భయాన్ని తేలిగ్గా తీసిపారేయను. శిక్షణే సరైన జవాబయిన సందర్భాలూ ఉన్నాయి. ఒడిశా, అస్సాంల నుంచి వచ్చిన పనివారికి తెలుగులో రాసిన బోర్డులు పెట్టి, వారు పాటించలేదని ఎన్‌సీ రాసుకున్నాం. అక్కడ కావలసింది వారి భాషలో, పని చేసి చూపిస్తూ నేర్పడమే. అయితే ఆ సందర్భంలో కూడా, ఫలానా నెలలో కొత్తవారు వస్తున్నారని నియామకాలు చూసేవారికి ముందే తెలుసు, ఆ కబురు నాణ్యత విభాగానికి రాలేదు. మార్పులను లెక్కలోకి తీసుకోమని ప్రమాణం అన్నది ఇలాంటివాటి గురించే. కొత్త మనుషులు, కొత్త ఐసు సరఫరాదారు, కొత్త ఫ్రీజరు, తీసేసిన ఒక డ్యూటీ, ఇవన్నీ ఆడిట్ షెడ్యూలును మార్చవలసిన సంగతులు. బాధ్యత అన్నది ఎవరి చేతిలో మార్చే అధికారం ఉందో వారి దగ్గర మొదలవ్వాలని నా వాదన. అక్కడ మొదలైన తరువాత కాటా దగ్గరి మనిషిని అడిగే హక్కు మనకు వస్తుంది.

ఎన్‌సీ మూసే పద్ధతిని కూడా మార్చుకున్నాం. ఇదివరకు చేసిన పనికి ఆధారం చూపిస్తే మూసేసేవాళ్లం. ఇప్పుడు కాగితం చూసి మూసేది లేదు. తీసుకున్న చర్య పనిచేసిందో లేదో చూసిన తరువాతే మూస్తాం, చూడటానికి లోపం దొరికిన పరిస్థితే మళ్లీ రావాలి. మే నెల రాత్రి దొరికిన లోపాన్ని సెప్టెంబరు పగలు చూసి మూయడంలో అర్థం లేదు. దీనివల్ల ఎన్‌సీలు నెలల తరబడి తెరిచే ఉంటున్నాయి, సమీక్షలో చూపించే అంకె బాగా పడిపోయింది. మొదటి ఏడు ఆ అంకె చూసి మా యజమాని, ‘ఏమండీ, ఆడిట్ చేయడం మొదలుపెట్టాక తప్పులు పెరిగాయా?’ అని అడిగారు. దొరికినవి పెరిగాయనీ, మళ్లీ వచ్చినవాటి వరస ఇంకో కాగితం మీద ఉందనీ చెప్పి, రెండో కాటా లెక్క ఆ వరస మొదట్లో పెట్టి చూపించాను. వ్యాన్లు నిలబడిన గంటల్లో కరిగిన ఐసు, తగ్గిన గ్రేడు, నల్లమచ్చ పడి పక్కకు తీసిన సరుకు విలువ ఒకవైపు, ఒక సూపర్‌వైజరు రాత్రి జీతం మరొకవైపు. ఆయన కాగితాన్ని చాలాసేపు చూసి ఆ సీజనుకు మనిషిని పెట్టుకోమన్నారు.

ఎన్‌సీల సంఖ్యను బట్టి విభాగాలను పొగడటం, తిట్టడం మానేయాలని నేను అడిగినది మాత్రం ఇంకా సగమే ఒప్పుకున్నారు. ఆ ఒక్కటి జరగకపోతే మిగతావన్నీ జారిపోతాయని నా భయం. సంఖ్య తక్కువగా ఉంటే మెచ్చుకునే చోట ఆడిటర్లు లోపాన్ని, ఎన్‌సీ కన్నా తేలికైన ‘పరిశీలన’ అని రాయడం నేర్చుకుంటారు, ఆ తరువాత నోటిమాటగా చెప్పడం నేర్చుకుంటారు, ఆ తరువాత చెప్పడమే మానేస్తారు. ఊట చూసి కేక వేసినవాణ్ణి ‘గట్టు పాడైందని పుకారు పుట్టించావు’ అని కోప్పడితే మర్నాటి రాత్రి అతను గట్టెక్కడు.

రాబోయే ఏడాది షెడ్యూలు మొన్ననే రాసి పెట్టాం. మొదటి వరసలో ఈసారి దిగుమతి విభాగం లేదు. ఖర్చులు, నియామకాలు ఆమోదించే పద్ధతి ఉంది. ఆడిట్‌కు లోనయ్యేవారిలో నేనూ ఒకణ్ణి. చేసేది ఆ గ్రేడింగ్ ఆవిడే, తోడు ఆ కంప్రెసర్ల ఆపరేటరే. ఆమె ముందుగా పంపవలసిన ప్రశ్నల కాగితం నిన్న నా బల్ల మీదికి వచ్చింది. గుండ్రటి అక్షరాలతో రాసిన ఆ కాగితంలో మొదటి ప్రశ్న, రెండో కాటాకు పెట్టిన రాత్రి సూపర్‌వైజరును సీజను అయ్యాక కూడా ఉంచుతారా, ఉంచకపోతే ఆ నిర్ణయం ఏ తేదీన, ఏ లెక్క చూసి తీసుకుంటారు అని. జవాబు రాయడానికి నాకు పది రోజులు గడువు ఇచ్చింది.